దాపటెద్దుకు ధర ఎప్పుడొచ్చింది



పోయిన ఆదివారం చింతామణి మీటింగుకు వచ్చినవాళ్లకు సంగతి తెలుసు. రానివాళ్లకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఈ ఏడాది క్రీడా సహాయం ఒక్కరికే ఇవ్వగలం. వచ్చిన దరఖాస్తుల్లో చివరికి రెండు మిగిలాయి, రెండూ కబడ్డీవే. ఒకడు బాగేపల్లి వైపు పిల్లోడు, రైడర్. ఇంకొకడు చిక్కబళ్ళాపురం వైపు పిల్లోడు, లెఫ్ట్ కార్నర్. రైడర్ పిల్లోడి పాయింట్లు మనలో సగం మందికి నోటికొచ్చు, వీడియోలు కూడా ఫోన్లలో తిరుగుతున్నాయి. కార్నర్ పిల్లోడి ఫారంలో ‘గత సంవత్సరం సాధించిన పాయింట్లు’ అనే గడిలో రాసిన అంకె చూసి ఒకాయన నవ్వాడు. ‘ఈ లెక్కకు డబ్బు ఎట్లా ఇచ్చేదప్పా’ అన్నాడు. ఇంకో ఇద్దరు తల ఊపారు. నిర్ణయం వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

నాకు మీటింగుల్లో మాట తొందరగా రాదు. బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి మాత్రం చెప్పాల్సినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. అందుకే రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ముద్ద తిని కూర్చొని చదవండి.

ముందు నవ్విన ఆయన పక్షాన ఒక మాట చెబుతాను. ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు. పాయింట్లు తెచ్చేవాడిని అంచనా వేయడం సులువు, పాయింట్లు పోకుండా కాపాడేవాడిని అంచనా వేయడం కష్టం. కోట్లు పెట్టి ఆటగాళ్లను కొనే పెద్ద పెద్ద జట్లే ఈ ప్రశ్న దగ్గర ఏళ్ల తరబడి తప్పులో కాలేశాయి. ఆ చరిత్రే ఈరోజు చెప్పాలనుకున్నది.

కబడ్డీ చిన్నప్పుడు ఆడి మరిచిపోయినవాళ్ల కోసం రెండు మాటలు. కాపు కాసే జట్టులో ఏడుగురు. రెండు కొసల్లో కార్నర్లు, వాళ్ల పక్కన ‘ఇన్’ ఆడేవాళ్లు, తరువాత కవర్లు, నడుమ సెంటర్. రైడర్ ఒక్కడే వస్తాడు, 30 సెకన్లు ఉంటాడు. ముట్టి వెళితే ముట్టిన ప్రతి ఒక్కరికీ ఒక పాయింటు, బోనస్ గీత దాటితే ఇంకొకటి. ఒకే రైడులో రెండు, మూడు, నాలుగు పాయింట్లు తీసుకొని పోవచ్చు. పట్టినవాడికి దక్కేది ఒక్కటి. కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు పడితే రెండు, దాన్నే సూపర్ టాకిల్ అంటారు. నలుగురు చైనుగా కలిసి పట్టినా స్కోరు షీటులో టాకిల్ ఒక్కడి పేరు మీదే పడుతుంది. మిగతా ముగ్గురి భుజాలు నొప్పి పుట్టడమే వాళ్లకు మిగిలేది.

దీని ఫలితం అంకెల్లో చూడండి. 2017లో ప్రో కబడ్డీ అయిదో సీజన్‌లో పర్దీప్ నర్వాల్ ఒక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. అదే సీజన్‌లో అందరికంటే ఎక్కువ టాకిల్ పాయింట్లు సురేందర్ నాడావి, 80. అంటే పర్దీప్ విలువ నాడా విలువకు నాలుగున్నర రెట్లా? అట్లా అనుకుంటే కిలోమీటర్లతో కిలోగ్రాములను కొలిచినట్టే. అసలు సంగతి ఇంకొకటుంది. మంచి కార్నర్ ఉన్న వైపుకు రైడర్ పోనే పోడు. నడుమ నడుమ ఆడి, 30 సెకన్లు కాలయాపన చేసి, ఒట్టి చేతులతో వెనక్కి వెళతాడు. అట్లా రెండు ఖాళీ రైడ్లు పోతే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే అవుట్. ఆ మెడ మీద కత్తి పెట్టింది ఎవరు? కదలకుండా నిలబడిన ఆ కార్నర్. షీటులో అతని పేరు పక్కన సున్నా.

మన ఆటకు పాత చరిత్రలో ఈ తంటా ఇంత లేదు. 1936లో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలి బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ఈ ఆటను చూపించి వచ్చింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటగా చేరింది. ఆ మధ్య కాలమంతా ఆటగాడికి దక్కేది ఉద్యోగం. రైల్వేలోనో, పోలీసులోనో, బ్యాంకులోనో, సైన్యంలోనో ఒక కోచ్ చూసి ‘వీడు పనికొస్తాడు’ అంటే ఉద్యోగం వచ్చేది. ఆ కోచ్ కూడా ఒకప్పుడు కార్నరో కవరో ఆడినవాడే, కాబట్టి కంటికి ఆనేది. పక్షపాతాలు ఉండేవి, సిఫారసులు ఉండేవి, ఆ రోజులు బంగారమని నేను అనను. కానీ ఒక మనిషికి అంకె కట్టాల్సిన అవసరం అప్పుడు రాలేదు.

అది 2014లో వచ్చింది. ఆ ఏడాది మే నెలలో ముంబయిలో ప్రో కబడ్డీ మొదటి వేలం జరిగింది. ఎనిమిది జట్లు. మన బెంగళూరు బుల్స్, విశాఖపట్నం సొంత ఊరుగా తెలుగు టైటాన్స్ రెండూ అందులో ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువ ధర పలికింది భారత కెప్టెన్ రాకేశ్ కుమార్‌కు, 12.80 లక్షలు, పట్నా తీసుకుంది. టైటాన్స్ దీపక్ నివాస్ హుడాకు 12.60 లక్షలు పెట్టింది. ఇప్పుడు వింటే చిన్న మొత్తాలే, అప్పుడు మాత్రం చెడుగుడు ఆడేవాడికి ఇంత డబ్బా అని ఊళ్లలో నోళ్లు వెళ్లబెట్టారు.

డిఫెండర్ విలువ మొదట కనిపెట్టినవాళ్లలో మన బుల్స్ ఉన్నారు. 2015లో ఫైనల్‌లో బుల్స్‌ను 36–30తో ఓడించింది యు ముంబా. ఆ ముంబా రెండు కొసలూ కాచింది మోహిత్ ఛిల్లర్, సురేందర్ నాడా అనే జంట. మరుసటి ఏడాది వేలంలో బుల్స్ వెళ్లి మోహిత్‌కు 53 లక్షలు పెట్టారు. ఆ ఏడాది మొత్తం వేలంలో అదే పెద్ద ధర. నాడా కూడా బుల్స్‌కే వచ్చాడు. జంటను విడదీయకుండా తెచ్చుకున్నందుకు మెచ్చుకోవాలి. అయినా ఆ సీజన్‌లో బుల్స్ సెమీస్ చేరలేదు, తెలుగు టైటాన్స్ చేరారు. కార్నర్లను కొంటే చాలు గెలుపు ఇంటికి నడిచి వస్తుందని నేను చెప్పడం లేదు, అది గమనించండి. ఎద్దులు రెండూ బాగున్నా కాడి విరిగితే దుక్కి సాగదు.

తరువాత 2018 మే. ఆ వేలంలో ఆరుగురు కోటి దాటారో, కోటి తాకారో చేశారు. ఆరుగురిలో అయిదుగురు రైడింగ్ వల్ల పేరు వచ్చినవాళ్లు. మోనూ గోయత్ 1.51 కోట్లు, మన టైటాన్స్ రాహుల్ చౌదరి 1.29 కోట్లు. కానీ ఆ రోజు అందరికంటే ముందు కోటి తాకినవాడు ఎవరో తెలుసా? ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలి, లెఫ్ట్ కార్నర్. చీలమండ దొరికితే వదలని మనిషి. యు ముంబా తీసుకుంది. కోటి అనే గడప ప్రో కబడ్డీలో మొట్టమొదట దాటింది పాయింట్లు కొల్లగొట్టేవాడు కాదు, కాపు కాసేవాడు. మూడు నెలలు తిరక్కముందే జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో భారత పురుషుల జట్టు ఇరాన్ చేతిలో 27–18తో ఓడిపోయింది. ఆసియా క్రీడల్లో కబడ్డీ మొదలైనప్పటి నుంచి మనదే అయిన బంగారం మొదటిసారి చేజారింది. మన రైడర్లు కోట్ల మనుషులే. అయినా జట్టు మొత్తానికి దొరికినవి 18 మాత్రమే.

బుల్స్ కప్పు గెలిచింది కూడా ఆ సీజన్‌లోనే. 2019 జనవరి 5న గుజరాత్ మీద 38–33. ఫైనల్‌లో పవన్ సెహ్రావత్ 22 రైడ్ పాయింట్లు కొట్టాడు. నేను ఆ రాత్రి బాణసంచా కాల్చినవాడినే, రైడర్ల మీద నాకేమీ కోపం లేదు.

ఇక ఆ పవన్ కథే నా వాదనకు పెద్ద సాక్ష్యం, అతని తప్పేమీ లేకుండానే. 2022లో తమిళ్ తలైవాస్ అతన్ని 2.26 కోట్లకు కొన్నారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం కూర్చున్నాడు. తలైవాస్ పని అయిపోయిందనుకున్నారు అందరూ. వాళ్లు చరిత్రలో మొదటిసారి సెమీస్ చేరారు. ఒక కొసలో సాగర్, ఇంకో కొసలో సాహిల్ గులియా. నరేందర్ అనే కుర్ర రైడర్ బ్రహ్మాండంగా ఆడాడు, అదీ చెప్పాలి. కానీ ఆ కుర్రాడు బెదురు లేకుండా ఆడింది వెనక గోడ ఉంది కాబట్టి.

మరుసటి ఏడాది, 2023 అక్టోబర్ వేలంలో, మన టైటాన్స్ అదే పవన్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. జట్టు మొత్తానికి ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క మనిషి మీద. అతను 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు, అంటే కొన్న పనికి కొన్నంత చేశాడు. జట్టు 22 మ్యాచ్‌లలో రెండు గెలిచి అట్టడుగున నిలిచింది. అదే వేలంలో పుణేరి పల్టన్ పెట్టిన పెద్ద ధర 2.35 కోట్లు. ఎవరికి? మొహమ్మద్‌రెజా షాద్లూయికి, మళ్లీ ఇరాన్ లెఫ్ట్ కార్నర్. ఆ సీజన్‌లో 99 టాకిల్ పాయింట్లతో అందరికంటే ముందున్నాడు, పల్టన్ కప్పు గెలిచింది. ఫైనల్ జరిగింది మన హైదరాబాదులో, గచ్చిబౌలిలో, 2024 మార్చి 1న. స్కోరు 28–25. అంత తక్కువ స్కోరు ఫైనల్ అంటేనే అర్థం చేసుకోండి, అది కాపు కాసిన ఆట. కోచ్ మన కర్ణాటక మనిషి బి.సి. రమేశ్. మరుసటి సీజన్‌కు షాద్లూయిని హర్యానా 2.07 కోట్లకు తీసుకుంది, ఆ కప్పు హర్యానాకు పోయింది.

పల్టన్ గెలిచింది ఒక్క షాద్లూయి వల్ల కాదు, వాళ్లు ఏళ్ల తరబడి పెంచుకున్న కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. టైటాన్స్ ఓడింది పవన్ వల్ల అసలే కాదు. ఇద్దరి పర్సులు పక్కపక్కన పెట్టి చూడమంటున్నా, అంతే.

ఇప్పుడు ఒక్క అంగలో అమెరికా పోదాం. మన సంఘంలో ఎంతమంది పిల్లలు అక్కడ లేరు? వాళ్లలో ఒకడు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఇంట్లో కూర్చొని వాళ్ల ఫుట్‌బాల్ చూపించాడు. మన ఫుట్‌బాల్ కాదు, శిరస్త్రాణాలు పెట్టుకొని గుద్దుకునేది. నాకు బంతి ఎవరి దగ్గరుందో కూడా తెలియలేదు. అతను ఒక మాట అన్నాడు: ‘మామా, బంతిని చూడొద్దు, ముందు వరసలో ఆ అయిదుగురిని చూడండి.’ చూస్తే, అచ్చం మన కార్నర్ పిల్లోడి కథ.

బంతి విసిరే నాయకుడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని ముందు అయిదుగురు గోడ కడతారు. ఒక్కొక్కరు 140 కిలోల మనుషులు. మన దగ్గర సీనియర్ పురుషులకు 85 కిలోలు దాటితే ఆడనివ్వరు, వాళ్లకు అటువంటి హద్దేమీ లేదు. నడుమ నుంచి బంతి అందించేవాడు తప్ప ఈ అయిదుగురిలో ఎవరూ బంతిని ముట్టరు. పాయింటు తేరు. మీదికి వచ్చేవాళ్లను ఆపుతారు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరబోయేటప్పుడు ఒళ్లు కుడి వైపుకు తిరుగుతుంది, ఎడమ పక్క వీపు అవుతుంది. ఆ వీపు కాసేవాడు ఎడమ కొసలో నిలబడే లెఫ్ట్ టాకిల్. మన కాడి లెక్కలో చెబితే దాపటెద్దు. పేరు కూడా చూడండి, వాళ్లకూ మనకూ టాకిల్ అన్న మాట ఒకటే, పని మాత్రం తలకిందులు.

అక్కడ కొత్త ఆటగాళ్లను వేలం వేయరు. డ్రాఫ్ట్ అని, జట్లు వరసగా ఒక్కొక్కరిని పిలుచుకుంటాయి. 1936లో మొదలైంది. ముందటి ఏడాది అడుగున ఉన్న జట్టుకు మొదటి పిలుపు. మొదట్లో ఆ మొదటి పిలుపులు ఎక్కువగా పరుగెత్తేవాళ్లకు, విసిరేవాళ్లకు. గోడ కట్టేవాడిని ఎవడైనా లావుపాటి వాడితో పూడ్చుకోవచ్చు అనుకునేవాళ్లు.

లెక్క ఎట్లా మారిందో చూడండి. విసిరేవాడిని పడగొట్టడాన్ని అక్కడ శాక్ అంటారు. 1982 నుంచి దాన్ని పడగొట్టినవాడి పేరు మీద అధికారికంగా రాయడం మొదలుపెట్టారు. పడగొట్టకుండా ఆపినవాడి పేరు మీద మాత్రం ఏ గడీ లేదు. మన స్కోరు షీటు రోగమే. ఆ కాలంలోనే న్యూయార్క్ జెయింట్స్‌లో లారెన్స్ టేలర్ అనే మనిషి ఎడమ కొస మీదుగా దూసుకొచ్చేవాడు. 1985 నవంబర్ 18 రాత్రి, దేశమంతా టీవీలో చూస్తుండగా, వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థీస్మన్ కాలు అతని కింద విరిగింది. థీస్మన్ మళ్లీ ఆడలేదు. పడగొట్టిన టేలరే తల పట్టుకొని సాయం కోసం చేతులు ఊపాడు. ఆ ఒక్క దెబ్బతోనే అంతా మారిందని కథలుగా చెప్పేవాళ్లున్నారు, నేను అంత దూరం పోను. విసిరే ఆట పెరుగుతూ వచ్చింది, విసిరేవాళ్ల జీతాలు పెరిగాయి, అంత ఖరీదైన మనిషి వీపు ఎవరు కాస్తున్నారు అని యజమానులు అడగడం మొదలైంది.

జవాబు డబ్బు రూపంలో వచ్చింది. 1993లో ఆటగాళ్లు ఒప్పందం ముగిశాక తమకిష్టమైన జట్టుకు పోయే స్వేచ్ఛ దొరికింది. ఆ ఏడాదే విల్ వుల్ఫర్డ్ అనే లెఫ్ట్ టాకిల్ కోల్ట్స్ జట్టుతో ఒప్పందం రాసుకున్నాడు. అందులో షరతు ఏమిటంటే, ఆ జట్టు దాడి విభాగంలో తనకంటే ఎక్కువ జీతం ఇంకెవరికీ ఉండకూడదు. విసిరేవాడికి కూడా. లోకం నవ్వింది, ఒప్పందం నిలబడింది. ఇక డ్రాఫ్ట్‌లో 1995లో టోనీ బోసెలీ రెండో పిలుపు, 1996లో జోనథన్ ఆగ్డెన్ నాలుగో పిలుపు, 1997లో ఆర్లాండో పేస్ ఏకంగా మొదటి పిలుపు. ముగ్గురూ లెఫ్ట్ టాకిళ్లే, ముగ్గురూ ఆ ఆట హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు.

ధర వచ్చింది సరే, మంచివాడిని గుర్తుపట్టేది ఎట్లా? ఇక్కడ ఇద్దరి కథ చెప్పాలి, మన ఆదివారం నిర్ణయానికి అసలు పనికొచ్చేది ఇదే.

ఒకడు టోనీ మాండరిచ్. 1989 డ్రాఫ్ట్‌కు ముందు అతని అంత పేరు ఇంకే గోడ మనిషికీ రాలేదు. 143 కిలోల ఒళ్లు, 40 గజాలు 4.65 సెకన్లలో పరుగు, 102 కిలోల బరువును పడుకొని 39 సార్లు ఎత్తాడు. పత్రిక ముఖచిత్రం మీద వేశారు. గ్రీన్ బే జట్టు రెండో పిలుపులో అతన్ని తీసుకుంది. ఆ ఏడాది మొదటి అయిదుగురిలో మిగతా నలుగురూ హాల్ ఆఫ్ ఫేమ్ చేరారు, మాండరిచ్ ఒక్కడే చేరలేదు. నాలుగేళ్లలో గ్రీన్ బే అతన్ని వదిలేసింది. ఎత్తిన బరువు వెనక మందులున్నాయని 2008లో తానే ఒప్పుకున్నాడు. కొలిచినవన్నీ కొలిచారు, కొలవాల్సిందాన్ని కొలవలేదు.

రెండోవాడు ఆంథొనీ మున్యోజ్, అంతకు తొమ్మిదేళ్ల ముందటి మనిషి. మోకాళ్లకు మూడు ఆపరేషన్లు. కాలేజీ చివరి సీజన్‌లో మొదటి మ్యాచ్‌లోనే దెబ్బ తగిలి, మళ్లీ చివరి మ్యాచ్‌కు గాని దిగలేదు. కాగితం మీద చూస్తే ఎవరూ ముట్టరు. సిన్సినాటి కోచ్ ఫారెస్ట్ గ్రెగ్ తానూ ఒకప్పుడు ఆ వరసలోనే ఆడి పేరు తెచ్చుకున్నవాడు. ఆయన స్టాప్‌వాచ్ పక్కన పెట్టి, ‘నేను మీదికి వస్తాను, ఆపు’ అని స్వయంగా దూకాడు. మున్యోజ్ రెండు చేతులూ చాచి ఒక్క తోపు తోశాడు, కోచ్ వెల్లకిలా పడ్డాడు. పిల్లోడు భయపడి క్షమించమన్నాడట, కోచ్ మాత్రం నవ్వుతూ లేచాడు. 1980లో మూడో పిలుపులో తీసుకున్నారు. ఆ స్థానంలో ఆడినవాళ్లందరిలో గొప్పవాడు ఎవరంటే ఈరోజుకీ చాలామంది అతని పేరే చెబుతారు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఘాటి సుబ్రమణ్య దనాల జాతరకు చిన్నప్పుడు నన్ను తీసుకుపోయేవాడు. హళ్ళికార్ ఎద్దులు, కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. కొనేవాళ్లు పళ్లు చూస్తారు, సుళ్లు చూస్తారు, మూపురం తట్టి చూస్తారు. మా నాయన అవన్నీ చూసి, చివర్లో ‘కాడి కట్టు’ అనేవాడు. అది కూడా దాపట నడవాల్సిన ఎద్దును దాపటే కట్టాలి. అమ్మేవాడు ‘ఎలపట బాగా నడుస్తుంది సామీ’ అంటే ‘నాకు ఎలపటెద్దు ఇంట్లో ఉంది’ అనేవాడు. శిడ్లఘట్ట మార్కెట్లో రీలర్లు కూడా అంతే కదా. గూళ్లు తెల్లగా నిగనిగలాడుతున్నాయని ధర కట్టరు. గుప్పెడు తీసుకొని చెవి దగ్గర ఊపుతారు, వేళ్లతో నొక్కుతారు. లోపల దారం ఎంత వస్తుందనేదే వాళ్ల బాధ.

ఇంకొక చిన్న ముక్క. జోర్డన్ మైలాటా అని సిడ్నీ కుర్రాడు, రగ్బీ ఆడేవాడు, రెండు మీటర్లు దాటిన ఎత్తు, 157 కిలోలు. ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఆటలోకి 2018లో ఏడో రౌండులో, 233వ పిలుపులో, ఫిలడెల్ఫియా తీసుకుంది. రెండేళ్లు ఒక్క మ్యాచ్ ఆడనీయకుండా నేర్పారు. ఈరోజు ఆ జట్టు లెఫ్ట్ టాకిల్ అతనే, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. నేర్పిన గురువు పేరు జెఫ్ స్టౌట్‌లాండ్. ఎంపిక చేసి వదిలేస్తే ఆ 157 కిలోలు ఒట్టి బరువే అయ్యేది.

ఇప్పుడు నా సంగతి. చెప్పుకోవడానికి బాగుండదు గాని చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక తాలూకు జట్టు ఎంపికకు నన్నూ కూర్చోబెట్టారు. నేను స్కోరు షీట్లు ముందర పెట్టుకొని, కూడికలు వేసి, పన్నెండు పేర్లు రాశాను. కవర్ ఆడే ఒక పిల్లోడి పేరు పక్కన మూడు మ్యాచ్‌లకు కలిపి రెండు పాయింట్లున్నాయి, కొట్టేశాను. వాడి పక్కన ఆడిన కార్నర్‌కు పదకొండు పాయింట్లు, వాడిని తీసుకున్నాను. జిల్లా పోటీల్లో మొదటి మ్యాచ్‌లో ఆ కార్నర్ చీలమండ పట్టాడు, రైడర్ ఈడ్చుకొని గీత దాటాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ ఈడ్చుకుపోయాడు. మూడోసారికి నాకు అర్థమైంది. తాలూకులో అతను పట్టిన ప్రతిసారీ రెండో అడుగులో వచ్చి నడుముకు డాష్ ఇచ్చి బయటికి నెట్టినవాడు ఇంకొకడు. వాడిని నేను ఇంటి దగ్గర వదిలేసి వచ్చాను. ఆ పిల్లోడు మళ్లీ ఆడలేదు. ఇప్పుడు బెంగళూరులో క్యాబ్ నడుపుతాడు. పెళ్లిళ్లలో కలిస్తే ‘బాగున్నారా సార్’ అంటాడు. ఆ సార్ అనే మాట నాకు గొంతు దిగదు.

అందుకే ఈ చిక్కబళ్ళాపురం పిల్లోడి వీడియోలు రెండు మూడుసార్లు చూశాను. మీరూ చూడండి, కానీ రైడర్‌ను చూడొద్దు. కష్టమే, కళ్లు వాటంతటవే రైడర్ వెంట పోతాయి, ఒక చేతిని అడ్డం పెట్టుకోండి. కార్నర్ కాళ్లు చూడండి. రైడర్ అడుగు మార్చినప్పుడు తానూ మారుస్తున్నాడా, లేక తొందరపడి ముందే దూకుతున్నాడా? ముందే దూకడాన్ని అడ్వాన్స్ టాకిల్ అంటారు, కుర్ర కార్నర్లను ముంచేది అదే. ఈ పిల్లోడు నేను చూసిన రెండు మ్యాచ్‌లలో ఒక్కసారి మాత్రమే అట్లా దూకాడు. పక్కవాడి చెయ్యి ఎప్పుడు వదులుతున్నాడు చూడండి. పక్కవాడు పట్టినప్పుడు ఎన్ని అడుగుల్లో చేరుతున్నాడు చూడండి. అన్నింటికంటే, వాడి వైపు రైడర్ వచ్చి ఊరికే వెనక్కి పోయిన రైడ్లు లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టాను, మొదటి సగంలో తొమ్మిది.

లోపాలూ ఉన్నాయి. ఒళ్లు పలచన. థై హోల్డ్ రాదు, బలమైన రైడర్ అయితే విదిలించుకుంటాడు. బోనస్ గీత దగ్గర ఆలస్యంగా మేలుకుంటాడు. ఇవి నేర్పితే వచ్చేవి, తిండి పెడితే వచ్చేవి. రైడర్ పిల్లోడికి ఇవేవీ అక్కర్లేదు, అతని ఆట సిద్ధంగా ఉంది. ఇంకో మాట, మనం ఇవ్వకపోయినా అతనికి ఎవరో ఒకరు ఇస్తారు, వీడియోలే తిరుగుతున్నాయి కదా. ఈ రెండో మాట న్యాయమైన కారణమా కాదా అని నాకే సందేహం. ఒకరు చేయగలరని మనం మానేయడం సరికాదు అనేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటా వింటాను.

ఏది ఏమైనా ఆ ఫారంలో గడి మారాలి. పాయింట్ల గడి పక్కన ఏ స్థానంలో ఆడతాడో రాసే గడి, ఆడించిన కోచ్ నాలుగు మాటలు రాసే చోటు పెట్టమని కార్యదర్శి గారికి విడిగా రాశాను.

ఓటు వేసే ముందు ఇద్దరినీ కాడి కట్టి చూద్దాం. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు పిల్లోళ్లిద్దరూ చింతామణి గ్రౌండుకు వస్తామన్నారు, ఇళ్లలోనూ అడిగాను. చిక్కబళ్ళాపురం పిల్లోడు తన జట్టులో ఆరుగురిని తెస్తున్నాడు. బాగేపల్లి పిల్లోడు ఇరవై రైడ్లు చేస్తాడు, పది వాడి వైపు, పది తన ఇష్టం. మ్యాట్ లేదు, మట్టే. ఎవరైనా ఒక సంచి సున్నం తెస్తే గీతలు గీస్తాం. ఆదివారం నవ్విన పెద్దాయన కోసం నా పక్కన కుర్చీ వేయిస్తున్నా. నోట్‌బుక్ నేను తెస్తాను, గడులు గీసే ఉంచాను. ఖాళీ రైడుకు కూడా ఒక గడి ఉంది.